ఓరుగల్లు కథల్లో ఏది ఏనాటిది?

"బండి ఇరుసు రాయికి తగిలి బంగారమైపోయింది బిడ్డా. అది ఉత్త రాయి కాదు, పరుసవేది." మా నాయనమ్మ ఓరుగల్లు కథ ఎప్పుడు ఎత్తుకున్నా ఇక్కడి నుంచే ఎత్తుకునేది. అనుమకొండకు వడ్లు మోసుకుపోతున్న బండి ఒకటి దారిలో ఒరిగిందట. తెల్లారి చూస్తే రాయికి ఒరుసుకున్న ఇనుమంతా పచ్చగా మెరుస్తోందట. కబురు విని కాకతీయ ప్రోలరాజు పరుగున వచ్చి చుట్టూ తవ్విస్తే అది లింగం. అనుమకొండకు తీసుకుపోదామంటే కదలదు. సరే, దేవుడు రాకపోతే మనమే దేవుడి దగ్గరికి పోదామని రాజధానినే అక్కడికి తెచ్చాడట.

వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్ళలో ఈ కథ విననివాళ్ళు దొరకరు. దీనితోపాటే రుద్రమదేవి కత్తి, ప్రతాపరుద్రుడి చెర, మేడారం తల్లుల యుద్ధం, భద్రకాళి కంటి వజ్రం, వేయిస్తంభాల గుడి నుంచి ఖిలాకు సొరంగం, అన్నీ కలిసే చెవిన పడతాయి. చిక్కంతా ఆ కలిసిపోవడంలోనే ఉంది. రాతి మీద చెక్కిన శాసనం, ఢిల్లీ ఆస్థానకవి రాత, రాజ్యం పోయిన రెండు వందల ఏళ్ళకు ఒక కథకుడు అల్లిన చరిత్ర, జాతరలో పాడుకునే పాట అన్నీ ఒకే గంపలో పడ్డాయి. ఒకరు మొత్తం నిజమే అంటారు, ఇంకొకరు మొత్తం పుక్కిటి పురాణం అని తోసేస్తారు. నాకు రెండూ సబబుగా తోచవు. ఒక్కో కథనూ పట్టుకుని, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరి కోసం చెప్పారు అని అడిగితే ముడి చాలావరకు దానంతటదే వీడుతుంది.

ముందు గట్టి నేల మీద నిలబడదాం. కాకతీయులు చాలాకాలం సామంతులు, మొదట రాష్ట్రకూటులకు, తర్వాత కళ్యాణి చాళుక్యులకు. వాళ్ళ ఊరు అనుమకొండ, అంటే ఇప్పటి హనుమకొండ. 1163లో రుద్రదేవుడు అక్కడ వేయిస్తంభాల గుడి దగ్గర వేయించిన శాసనంలో స్వతంత్ర రాజుగా కనిపిస్తాడు. ఆ పక్కనే ఓరుగల్లు పని మొదలుపెట్టిందీ ఆయనే. ఆయన తమ్ముడి కొడుకు గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. రాతికోట లేచిందీ, రాజధాని పూర్తిగా ఇటు మళ్ళిందీ ఆయన హయాంలోనే. తర్వాత ఆయన కూతురు రుద్రమదేవి 1289 దాకా, ఆమె మనవడు ప్రతాపరుద్రుడు 1323 దాకా. ఇన్ని కథలు పుట్టించిన ఈ నగరం కాకతీయుల రాజధానిగా నిలిచింది మహా అయితే నూట పాతికేళ్ళు.

పేరులో పెద్ద రహస్యం లేదు. కోట లోపల ఇప్పటికీ ఒక రాతిగుట్ట ఒంటరిగా నిలబడి ఉంది. ఒంటి కల్లు, ఓరుగల్లు. సంస్కృతంలో రాసేవాళ్ళు దాన్నే ఏకశిలానగరం అన్నారు. ఢిల్లీ రాతల్లో అది అరంగల్ అయింది, ఆ దారిలోనే వరంగల్.

పరుసవేది కథ మనకు రాతలో దొరికేది ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్రలో. అది 16వ శతాబ్దం నాటిదని పండితుల లెక్క. తర్వాత కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర అదే దారిలో నడిచింది. కాకతీయుల శాసనాల్లో ఎక్కడా బంగారమైన ఇరుసు లేదు. అంటే రాజ్యం పడిపోయిన రెండు వందల ఏళ్ళకు, కూలిన గోడల మధ్య నిలబడి ఒక మనిషి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు: ఇంత సంపద ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రశ్న అడిగినవాడి మీద నాకు చాలా గౌరవం. జవాబు మాత్రం ఇంకో రాతి మీద ఉంది.

ఆ రాయి మోటుపల్లిలో ఉంది, ఇప్పటి బాపట్ల తీరంలో. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు అక్కడ వేయించినది అభయశాసనం. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. తాను అలా చేయననీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టననీ సముద్ర వ్యాపారులకు రాజు మాట ఇచ్చాడు. ఏ సరుకు మీద ఎంతో కూడా చెక్కించాడు. ఓడ మునిగినవాడికి సొమ్ము తిరిగిస్తానన్న మాట రాతి మీద ఉందంటే ఆ రేవుకు ఓడలు ఎందుకు రావు? ఆ డబ్బు ఒక వైపు. ఇంకో వైపు నీళ్ళు. పాకాల, రామప్ప, ఇంకా ఊరూరా లెక్కలేనన్ని గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండేది. రాజు ఒక్కడే తవ్వించలేదు, సేనానులూ మంత్రులూ వర్తకులూ పోటీపడి తవ్వించారు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు రాజు కాదు, సేనాని. ఆ గుడిని 1213లో కట్టారు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అడవినీ మెట్టనూ వరి మడిగా మార్చిన నీళ్ళే ఈ నేలకు తగిలిన పరుసవేది. బండిలో ఉన్నవి వడ్లేనని కథ మర్చిపోకుండా చెప్పడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

అదే కథకు ఇంకో కొస ఉంది. పుట్టిన కొడుకు తండ్రిని చంపుతాడని జ్యోతిష్కులు చెప్తే, పసివాడైన రుద్రుణ్ణి గుడిలో వదిలేశారట. పెరిగి ఆ గుడికే కాపలా అయ్యాడట. ఒక రాత్రి లోపలికి వచ్చింది దొంగ అనుకుని కత్తి దూస్తే, పడిపోయింది ప్రోలరాజు. శాసనంలోని రుద్రదేవుడు మాత్రం తండ్రి గెలుపులను వరుసబెట్టి పొగిడిన కొడుకు. నాకు తోచేది ఇది: రాజధాని అనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారడం జనం తలలో చిన్న మార్పుగా మిగల్లేదు. తండ్రి ఊరు వదిలి కొడుకు కొత్త ఊరు కట్టాడంటే దాని వెనక ఏదో పెద్ద కారణం ఉండి తీరాలని కథకు అనిపించింది.

రుద్రమదేవి దగ్గరకు వచ్చేసరికి ముడి తిరగబడుతుంది. ఇక్కడ కథ కంటే శాసనాలే ఆశ్చర్యంగా ఉంటాయి. తండ్రి ఆమెను కొడుకులా పెంచాడు, శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. కొడుకులు లేరు, కూతురు ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. ఆమె కాలంలో మన తీరం గురించి విన్న మార్కోపోలో, రాజు చనిపోయాక అతని భార్య నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతోందని రాశాడు. ఆమె రాజు భార్య కాదు, కూతురు. కూతురు తండ్రి గద్దె ఎక్కడం ఆ వెనిస్ వర్తకుడి ఊహకు అందక, ఆమెను వితంతువుగా సరిచేసుకున్నాడు. సాలెగూడు లాంటి సన్నని బట్టలు ఇక్కడ నేస్తారని కూడా రాశాడు, అది నమ్మదగ్గ మాట. వజ్రాల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటిని పైకి తెస్తాయనీ, అంటుకున్న వజ్రాలు అలా దొరుకుతాయనీ రాసింది మాత్రం ఈ నేల కథ కాదు. అది అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచి దేశదేశాలు తిరుగుతున్న కథ. ఇక్కడ నిజంగా వజ్రాలు దొరుకుతాయి కాబట్టి వచ్చి ఇక్కడ దిగింది.

ఆమె మరణం ఎలా తెలిసిందో చూస్తే శాసనం విలువ అర్థమవుతుంది. చాలాకాలం ఆమె 1295 దాకా ఏలిందని పుస్తకాల్లో ఉండేది. తర్వాత నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక రాయి వెలుగులోకి వచ్చింది. 1289 నవంబరు తేదీతో, రుద్రమదేవీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్ళారని, వాళ్ళకు పుణ్యం కలగాలని ఒక దానం ఇస్తున్నట్టు అందులో ఉంది. ఆ దానం చేసింది రాజకుటుంబం కాదు. మల్లికార్జునుడి కొలువులో పనిచేసిన పువ్వుల ముమ్మడి. రాణీ సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధభూమే అయి ఉండాలని, తిరగబడ్డ కాయస్థ అంబదేవుడి మీదికి వెళ్ళినప్పుడే అయి ఉంటుందని చరిత్రకారులు తేల్చారు. ముసలితనంలోనూ సైన్యం వెంట నడిచిన ఒక మహారాణి ఎలా పోయిందో ఏడు వందల ఏళ్ళ తర్వాత మనకు చెప్పింది ఆమె సేనాని సేవకుడు. ఎప్పుడు తలచుకున్నా నా గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు కోటలోకి వెళ్దాం. వరంగల్ వాళ్ళకు అది ఖిలా. రాజులు పోయినా ఊరు పోలేదు, గోడల లోపల ఇప్పటికీ ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అన్న పేర్లున్నాయి. బయటి నుంచి వస్తుంటే ముందు మట్టికోట కట్ట అడ్డం వస్తుంది, దాని వెలుపల అగడ్త ఆనవాళ్ళు. ఆ వలయం అడ్డకొలత రెండున్నర కిలోమీటర్లకు దగ్గర. అది దాటాక రాతికోట, దాదాపు 1.2 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న వలయం. ద్వారం ఎదురుగా నిలబడితే లోపలి ఊరు కనబడదు. లోపలికి అడుగుపెట్టి పక్కకు తిరగాలి, మళ్ళీ తిరగాలి. ఏనుగు పరుగున వచ్చి తలుపును కుమ్మాలంటే ముందు తిరగడానికే చోటుండదు. చేత్తో గోడ తడిమి చూడండి. ఒక్కో బండ మనిషంత పొడవు, మధ్యలో సున్నం లేదు, ఒకదాని అంచు ఇంకోదాని అంచులో ఒదిగిపోయింది. లోపలి వైపు గోడ పొడుగునా రాతి మెట్లు. కేక వినబడగానే ఎక్కడున్న సైనికుడు అక్కడి నుంచే పైకి ఎక్కేందుకు అలా కట్టారు.

ప్రతాపచరిత్ర ప్రకారం కోటకు 77 బురుజులు, 77 మంది నాయకులు, ఒక్కొక్కరికి ఒక్కో బురుజు కాపలా. నేల మీద లెక్కపెడితే రాతికోట బురుజులు 45. కథ తప్పని ఇక్కడితో వదిలేస్తే అసలు సంగతి చేజారుతుంది. కాకతీయ రాజ్యం నిజంగానే నాయకుల మీద నడిచింది. పుట్టుకతో పెద్ద కులం కాకపోయినా యుద్ధంలో నిలబడ్డవాడికి ఊళ్ళు అప్పగించే పద్ధతి రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలంలో బలపడింది. తర్వాతి శతాబ్దాల్లో తెలుగు నేల మీద ప్రతి దొర వంశమూ మా తాత ఓరుగల్లు బురుజు కాశాడని చెప్పుకోవాలనుకుంది. 77 అన్నది బురుజుల లెక్క కాదు, ఆ గౌరవం కోరుకున్న కుటుంబాల లెక్క.

మట్టికోట గట్టితనానికి సాక్షి శత్రువే. 1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లును చుట్టుముట్టింది. ఆ దండయాత్ర గురించి రాసిన అమీర్ ఖుస్రో, ఆ మట్టిగోడలోకి ఉక్కు బల్లెం కూడా దిగదన్నాడు. రాళ్ళు విసిరే యంత్రం నుంచి వచ్చిన గుండు తగిలినా పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందన్నాడు. నెల రోజుల పోరు తర్వాత బయటి గోడ చిక్కింది, లోపలి కోట చిక్కలేదు. ప్రతాపరుద్రుడు మెడకు బంగారు గొలుసుతో తన బంగారు బొమ్మ చేయించి పంపి లొంగాడనీ, సంపదను వెయ్యి ఒంటెల మీద తీసుకుపోయారనీ కూడా ఖుస్రోనే రాశాడు. ఇక్కడా ఎవరి కోసం అని అడగాలి. సుల్తాను ఆస్థానకవి సుల్తాను గెలుపు గురించి రాస్తున్నాడు, ఒంటెలు పెరుగుతాయి. గోడను పొగడటంలో మాత్రం ఆయనకు అబద్ధమాడే అవసరం లేదు.

కోహినూరు ఆ ఒంటెల మీదే పోయిందని, అది భద్రకాళి కంట్లోదని మన ఊళ్ళో గట్టిగా నమ్ముతారు. ఖుస్రో రాతలో భద్రకాళి కన్ను లేదు. కోహినూరు పేరు చరిత్రలో నికరంగా కనబడేది 1739లో నాదిర్‌షా ఢిల్లీని దోచినప్పుడు. మధ్యలో నాలుగు వందల ఏళ్ళ ఖాళీ ఉంది. దాన్ని నింపే సాక్ష్యం లేదు కాబట్టి దీన్ని నమ్మకంగానే ఉంచాలి.

1321లో అప్పటి ఢిల్లీ సుల్తాను ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చాడు. తండ్రి చనిపోయాడన్న పుకారుతో సైన్యం చెదిరి వెనక్కి పోయాడు. 1323లో మళ్ళీ వచ్చి నెలల తరబడి ముట్టడి వేశాడు, ఈసారి కోట పడింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి పంపారు. ఆ తర్వాత ఏమయ్యాడన్న దానికి జవాబులు కాలం గడిచేకొద్దీ మారుతూ వచ్చాయి. పదేళ్ళలోపే ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం, దారిలో నర్మదా తీరాన చనిపోయాడంటుంది. 1423లో రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనం, తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్ళాడంటుంది. చెరలో ఢిల్లీ చేరడం ఇష్టంలేక ప్రాణం తీసుకున్నాడని దాని అర్థంగా చాలామంది చెప్తారు. ప్రతాపచరిత్రకు వచ్చేసరికి ఆయన చావనే లేదు. సుల్తాను తల్లి ఆయనలో శివుణ్ణి చూసి విడిపించమంటే, తిరిగి ఓరుగల్లుకు వస్తాడు. మొదటిది చావును కళ్ళారా చూసిన తరం మాట. రెండోది ఓటమిలో మర్యాద వెతుక్కున్న తరం మాట. మూడో తరం ఆయన్ను ఇంటికే తెచ్చుకుంది.

ఇదే ప్రతాపరుద్రుడు మేడారంలో శివుడు కాదు, పన్ను కట్టమని వచ్చిన రాజు. కరువులో కప్పం కట్టలేమన్న కోయ దొర పగిడిద్దరాజు మీదికి సేన వచ్చింది. సారలమ్మ పడింది. జంపన్న సంపెంగవాగులో పడ్డాడు, అది జంపన్నవాగైంది. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది, వెతికితే కుంకుమ భరిణె దొరికింది. రెండేళ్ళకోసారి మాఘంలో లక్షల మంది ఆ గద్దెల ముందు బంగారమని బెల్లం పోస్తారు. ఈ యుద్ధం గురించి కాకతీయ శాసనం ఒక్కటీ లేదు. కానీ శాసనం వేయించగలిగింది ఎవరు? చెరువు తవ్వినవాడు, ఊరు దానం చేసినవాడు. చెరువు కింద మడి కావడానికి అడవి కోల్పోయినవాళ్ళ చేతిలో ఉలి లేదు, పాట ఉంది. మోటుపల్లి శాసనాన్ని నేను ఎంత ఇష్టంగా చదువుతానో, మేడారం కథను అంతే శ్రద్ధగా వింటాను. రెండూ కలిస్తేనే ఆ రాజ్యం మొత్తంగా కనబడుతుంది.

కోట పడ్డాక నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. నడిబొడ్డున స్వయంభూ శివాలయాన్ని కూల్చారు. దాని నాలుగు దిక్కులా ఉన్న తోరణాలు మాత్రం నిలిచాయి. మనం కాకతీయ కళాతోరణం అని పిలుచుకునేవి, 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కినవి అవే. దగ్గరికి వెళ్ళి పైకి చూస్తే తామరమొగ్గలు, హంసలు, మకరాలు ఉంటాయి. దేవుడి బొమ్మ ఉండదు. అందుకే మిగిలాయని కొందరి మాట. కొత్త పాలకులకూ ఆ ఠీవి నచ్చి, తమ కొలువుకు హంగుగా ఉంచుకున్నారని ఇంకొందరి మాట. అక్కడికి కొద్ది దూరంలో ఖుష్‌మహల్ ఉంది. జనం దాన్ని షితాబ్ ఖాన్ మహల్ అంటారు గాని, లోపలికి వాలిన ఆ మందపాటి గోడలు తుగ్లకుల కాలపు తీరులో ఉన్నాయి. షితాబ్ ఖాన్ అంటే సీతాపతి, 1504లో ఓరుగల్లును పట్టుకున్న తెలుగు దొర. తురకల కాలంలో తొలగిపోయిన దేవుళ్ళను మళ్ళీ నిలబెట్టానని కోటలోనే శాసనం వేయించాడు.

రాజులూ ముట్టడులూ పక్కనపెట్టి ఊరి వీధులు ఎలా ఉండేవో చూడాలంటే క్రీడాభిరామమే దిక్కు. నగరం పడిపోయిన తర్వాతి కాలపు కావ్యమది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. పూటకూళ్ళ ఇంట్లో భోంచేస్తారు, పల్నాటి వీరుల కథ పాడుతున్న ఆడమనిషి దగ్గర ఆగి వింటారు. ప్రతాపరుద్రుడి కొలువులోని మాచల్దేవి ఇంటి చిత్రశాలకు వెళ్తారు. ఓరుగల్లులోనే నిలబడి జనం పల్నాడు కథ వింటున్నారంటే, కథలు అప్పుడూ ఊళ్ళు దాటి తిరిగేవన్నమాట.

తోరణాల పక్కనే శంభుని గుడి ఉంది. అందులోని నాలుగు ముఖాల లింగమే కూలిపోయిన స్వయంభూ ఆలయంలోదని ఖిలా వాళ్ళ నమ్మకం. నా చిన్నప్పుడు శివరాత్రికి అక్కడికి వెళ్ళేవాళ్ళం. దండం పెట్టుకుని బయటికి వచ్చేటప్పుడు నాయనమ్మ బొడ్లోంచి ఇనుప తాళంచెవి తీసి, ఎవరూ చూడకుండా గడపరాయికి ఒకసారి ఆనించి, కొంగుతో తుడిచి మళ్ళీ బొడ్లో దోపుకునేది.